మామ బందూకు

తుపాకి విషయంలో మా ఇంట్లో నడిచే మాట ఒక్కటే: నమ్మొద్దు.

కొత్త కోడలిగా ఉప్పుగూడ ఇంట్లో అడుగుపెట్టిన నాలుగు రోజులకే ఆ మాట నాకు ఒంటబట్టింది. మా మామ గుండయ్య చార్మినార్ దగ్గర ఒక ముత్యాల దుకాణంలో గన్‌మెన్. మిలిటరీ నుంచి వచ్చాక లైసెన్సు తీసుకుని కొనుక్కున్న డబల్ బారు తుపాకి ఆయనది. దుకాణం వాళ్లు తుపాకి ఇవ్వరు. తుపాకి ఉన్నవాడికే ఉద్యోగం ఇస్తారు. అందుకని అది పొద్దున ఆయనతో పోయి, సాయంత్రం ఆయనతోనే ఇంటికొచ్చేది. రాగానే చెప్పులైనా విడవకుండా అరుగు మీద కూర్చుని, గొట్టాలు నేలకేసి పెట్టి, మీట జరిపి తుపాకిని నడుం దగ్గర విరిచేవాడు. రెండు తూటాలు బయటికి తీసి, ఎదురుగా ఎవరుంటే వాళ్ల ముందు పెట్టేవాడు.

"ఖాలీనా?"

"ఖాలీ మామా," అన్నాను మొదటిసారి.

"నేను తీసింది జూసి అన్నవా, నాలిల జూసి అన్నవా?"

నేను ఆ రెండు తూటాల వైపు చూశాను.

"వేలు వెట్టి జూడు బిడ్డా. నేనే గాదు, దేవుడు దిగొచ్చి ఖాలీ అన్నా తెరిచి జూడాలె. బందూక్ కాడ నమ్మకం పనికిరాదు. శక్ ఉండాలె, శక్!"

ఆయన నాలి అనే ఆ గొట్టాల్లో వేలు పెట్టి చూశాను. తర్వాత దాన్ని వెలుతురుకేసి ఎత్తి అటు చివరిదాకా చూడమన్నాడు. లోపల నున్నగా మెరుస్తూ రెండు వెండి గాజుల్లాంటి వెలుగు వలయాలు కనిపించాయి. అప్పుడుగాని ఆయన చెప్పులు విడవలేదు.

ఇంట్లో ఉన్నంతసేపూ తుపాకి విరిచే ఉండాలి. లోపలి గదిలో ఎత్తుగా కొట్టిన మేకులకు, గొట్టాలు కిందికి వేలాడుతూ. తూటాలు ఇనప పెట్టెలో, దాని తాళంచెవి మామ మొలతాడుకు. ఆయన చేతికిస్తే తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఖాలీదైనా సరే, గొట్టం మనిషి వైపు తిరిగిందంటే ఆ పూట అన్నం దగ్గర కూడా తిట్లే. నా మొగుడు ఎల్లేష్ చిన్నప్పట్నుంచీ ఆ తిట్లు తిని పెరిగినవాడు.

నేను చెప్పబోయేది తొంభై ఎనిమిది ఆషాఢం సంగతి. గోల్కొండలో బోనాలు మొదలైన వారం అది. ఆ రాత్రి అన్నాల దగ్గర మామ ఒక కబురు చెప్పాడు.

"చిన్న సేఠ్ కొత్త రూలు వెట్టిండు. మన బోనాలైనంక మంగళారం నాడు గన్‌మెన్లందరిని శంషాబాద్ దిక్కు ఎవరిదో తోటకు తీస్కపోతడట. డబ్బాలు వెడ్తరు. పేల్చి కొట్టి జూపియ్యాలె. కొట్టనోనికి కొలువు బందు."

"నీకేంది బాపు, మిలిటరోనివి," అన్నాడు ఎల్లేష్. "కండ్లు మూస్కొని కొడ్తవ్."

మా అత్త కాశమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఆడ మనుషులు గూడ ఉంటరా?"

"ఉండరా మరి? అడివా అది?"

మామ ఉల్లిగడ్డ ముక్క కోసం కంచం చుట్టూ తడుముతున్నాడు. ముక్క కంచంలోనే ఉంది. అత్త దాన్ని ఆయన వేళ్లకు తగిలేట్టు జరిపింది. ఈ వయసులో ఎంత ముద్దు వీళ్లకు అనుకుని నేను తల తిప్పుకున్నాను.

తర్వాత రెండు రోజులకు మా బస్తీ పిల్లగాళ్లకు పెద్ద అయిన అంజన్ వచ్చాడు. అమ్మవారి ఘటం ఊరేగింపు అతని ఆధ్వర్యంలోనే జరుగుతుంది. మెడలో పసుపు కండువా, చేతిలో చందా రసీదులు.

"మామా, ఈసారి మన ఘటం ముంగట రెండు కార్తూసులు గాల్లకు లేపాలె. లాల్‌దర్వాజోల్లు గూడ ఇటు మర్రి జూడాలె!"

"గాల్లకు కొట్టింది గాల్లనే ఉంటదారా? ఏడనో ఒకని నెత్తిన దిగుతది. పో, పటాకీలు కొనుక్కో."

"నువ్వు రాకు మామా, బందూక్ ఇయ్యి సాలు. మా ఎల్లేషన్న లేడా?"

ఎల్లేష్ నవ్వాడు. కాదనలేదు, అవుననలేదు. నవ్వాడంతే. ఆ నవ్వు నాకు చేప ముల్లులా గొంతులో ఇరుక్కుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మామ క్షవరానికి వెళ్లాడు. ఎల్లేష్ మలక్‌పేట రేస్‌కోర్సుకు వెళ్లాడు. గుర్రాలకు దాణా పెట్టే పని అతనిది, వాటికి ఆదివారాలుండవు. అత్త వంటింట్లో పసుపు కొమ్ములు దంచుతోంది. నేను నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని వచ్చి, బిందె దించి, తడిసిన చీర మార్చుకుందామని లోపలి గదిలోకి పోయి ఆగిపోయాను.

తుపాకి మూసి ఉంది.

విరిచి వేలాడాల్సింది కర్రలాగా తిన్నగా, మేకుల మీద అడ్డంగా పడుకుని ఉంది. దగ్గరికి పోవడానికే భయమేసింది. ముట్టుకోకూడదన్న మాట ఒక పక్క, లోపల ఏముందో అన్న గుబులు ఇంకో పక్క. ఆ మీట సంగతి తెలిసినవాళ్లం ఇంట్లో ముగ్గురమే. మామ మూయడు. నేను మూయలేదు. ఇక మిగిలింది ఎల్లేష్. పొద్దున పనికి పోయేముందు తీశాడా? అంజన్‌కు చూపించాడా?

మామ వచ్చి లోపలికి వెళ్లాడు. గుమ్మం అవతల నిలబడి చెవి ఒగ్గాను. టక్కుమని తుపాకి తెరుచుకున్న చప్పుడు. ఇక ఇల్లు పీకి పందిరేస్తాడనుకున్నాను. ఆయన బయటికి వచ్చి, గడ్డం తడుముకుంటూ "చాయ్ పెట్టు బిడ్డా," అన్నాడు. అంతే.

దానితో నా అనుమానానికి ఇంకో కొమ్మ మొలిచింది. గొట్టం కాస్త పక్కకు తిరిగితేనే చిందులు తొక్కే మనిషి ఇంత పెద్ద తప్పుకు నోరు విప్పడేం?

మర్నాడు పొద్దున ఎల్లేష్ బూట్లు వేసుకుంటుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"బందూక్ ముట్టినవా?"

"ఏ బందూక్?"

"మనింట్ల ఎన్నున్నయ్?"

"నాకేం పనే దానితోని?"

"నీకు లేకుంటే అంజన్‌కు ఉన్నది గద."

"ఓహో, కొత్వాల్ సాబ్!" అతను లేసు వదిలేసి నా వైపు చూశాడు. "నేను గుర్రాలకు దాణా వెట్టేటోన్ని. బాపు ఎనక దొంగతనం జేసేటోన్ని గాదు."

"మరి నిన్న ఎవరు మూసిండ్రు? దానంతటదే మూసుకున్నదా?"

"నన్నడుగుతవేంది? బాపు లేకుండె, నేను లేకుంటి. ఇంట్ల మిగిలిందెవరు? నువ్వే ముట్టి నా మీదికి నూకుతున్నవేమో, ఎవరికెర్క?"

వాదన న్యాయంగానే ఉంది, అదే నా బాధ.

ఆ రోజు నుంచి ఒకరి చేతులు ఒకరం గమనించుకుంటూ బతికాం. అతని చొక్కా ఉతకడానికి తీసినప్పుడు తుపాకి నూనె వాసన ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. గుర్రాల వాసన, నానిన శనగల వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. అతను ఇంటికి రాగానే ముందు మేకుల వైపు చూసి, తర్వాత నా మొహం చూసేవాడు. మామ ఎప్పటిలాగే పొద్దున తుపాకి భుజాన వేసుకుని దుకాణానికి పోతున్నాడు. కాని సాయంత్రాలు మబ్బు చీకట్లో వేలు పెట్టి చూస్తే చాలనేవాడు, వెలుతురుకెత్తి చూడమనడం మానేశాడు. ఆదివారం పూట దాన్ని తుడిచే పద్ధతి కూడా మారింది. ఇదివరకు పొడుగాటి కమ్మికి గుడ్డ చుట్టి, నూనె ముంచి, గొట్టాల లోపల ఇటు నుంచి అటు లాగేవాడు. ఇప్పుడు పైపైన కర్రనూ ఇనుమునూ తుడిచి పక్కన పెడుతున్నాడు.

"మామా, లోపల తుడవవా?"

"లోపలేం మకిలున్నది? నీ పని జూస్కో పో."

ఎన్నడూ నాతో అలా మాట్లాడని మనిషి.

మా ఉప్పుగూడ బోనాలు వచ్చాయి. పొద్దున్నుంచి సందులో డప్పులు, వేపాకు తోరణాలు, పోతరాజుల కొరడా చప్పుళ్లు. అత్త కొత్త కుండకు పసుపు రాసి, సున్నం బొట్లు పెట్టి, బోనం నెత్తికెత్తుకుంది. నేను వెనక సాక నీళ్ల చెంబు పట్టుకుని నడిచాను. మహంకాళి గుడి దగ్గర వరుసలో నిలబడ్డంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఇంత గట్టిగా ఏం మొక్కుతోందో అనుకున్నాను.

ఇంటికొచ్చాక, అమ్మవారి దగ్గర తెచ్చిన పసుపు బండారి ఏటా తుపాకికి కూడా పెట్టేవాళ్లం. మామ దించి ఇస్తే నేను బొట్టు పెట్టేదాన్ని. ఆ రోజు నేను పళ్లెం పట్టుకుని వెళ్లేసరికి అత్త అడ్డం వచ్చింది.

"నువ్వు ముట్టకు. నేను వెడ్త."

నేను ఆశ్చర్యంగా చూశాను. ఆమె ఆ తుపాకి ఉన్న గోడ వైపు పక్క కూడా వేసుకునేది కాదు. మామ దాని సంగతి ఏదైనా చెప్పబోతే "నాకెందుకయ్యా ఆ పీడ" అని లేచిపోయే మనిషి. అలాంటిది ఆ రోజు పీట వేసుకుని ఎక్కి, ఎక్కడ పట్టుకోవాలో తెలిసినట్టు పట్టుకుని, గొట్టాల చివర పసుపు రాసి దిగింది. నా మనసులో ఏదో కలుక్కుమంది. కాని బోనమెత్తి వచ్చిన మనిషిని, పసుపు కాళ్లైనా ఆరని మనిషిని ఎట్లా అనుమానిస్తాం? ఆ ఆలోచనను నేనే తోసేశాను.

సోమవారం ఘటం ఊరేగింపులో అంజన్ పటాకీలే కాల్చాడు. పెద్ద చప్పుడు వినిపించినప్పుడల్లా నేను లోపలికి పరుగెత్తి మేకుల వైపు చూశాను. ఒకసారి గుమ్మంలో ఎల్లేష్ ఎదురయ్యాడు. అతనూ అందుకే వచ్చాడు. ఇద్దరం ఒకరికొకరం దొరికిపోయినట్టు నిలబడ్డాం.

మంగళవారం పొద్దున్నే బాబురావు వచ్చాడు. అదే దుకాణంలో ఇంకో గన్‌మెన్ ఆయన. సందు మొగలో వ్యాను ఆగిందట.

"గుండయ్యన్నా, జల్ది రా. డ్రైవరు లొల్లి వెడుతుండు."

మామ ఉతికిన ఖాకీ బట్టల్లో ఉన్నాడు. తుపాకి దించుకుని అరుగు దగ్గరికి తెచ్చి, విరిచి, ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "సాఫ్," అన్నాడు. తర్వాత అలవాటు ప్రకారం, "ఖాలీనా?"

"ఖాలీ, ఖాలీ. పో ఇగ," అంది అత్త గబుక్కున.

ఎన్నడూ జవాబు చెప్పని మనిషి చెప్పేసరికి మామ కూడా అటు తిరిగాడు.

నేను చెయ్యి చాపాను. "మామా, నేను జూడలే."

అడిగితే ఇవ్వకపోవడం ఆయన పద్ధతిలో లేదు. గొట్టాలు నేలకు తిప్పి ఇచ్చాడు. నేను దాన్ని వాకిలి వెలుతురుకేసి ఎత్తాను. ఏమీ కనపడలేదు. సరిగా పట్టుకోలేదేమో అనుకుని ఆకాశం వైపు తిప్పాను. రెండు గొట్టాలూ చీకటి. బావిలోకి చూసినట్టు.

లోపల ఏదో అడ్డం ఉందని ముందు అర్థమైంది. ఇదే చీకట్లోకి చూసి మామ ఇప్పుడే సాఫ్ అన్నాడని తర్వాత అర్థమైంది. ఎదురుగా బాబురావు నిలబడి ఉన్నాడు. అతని ముందు నోరు తెరిస్తే మామ కొలువు పోతుంది. తెరవకపోతే ఇంకో గంటలో మామ ఈ తుపాకిని భుజానికి ఆనించుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు.

"మామా, చీకటున్నది," అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేట్టు.

"ఏ నాలిల?"

"రెండిట్ల."

ఆయన తుపాకి తీసుకున్నాడు. మళ్లీ ఎత్తి చూడలేదు. అరుగు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. వేపపుల్లతో పళ్లు తోముకుంటూ ఎల్లేష్ వచ్చాడు. నా కళ్లు అతని మీదికి పోయాయి.

"నన్నెందుకు జూస్తవే?"

"వాన్ని జూడకు బిడ్డా," అంది అత్త గోడకు ఆనుకుని. "నేనే."

మామ తల ఎత్తకుండానే పిలిచాడు.

"బాబురావూ, నువ్వు పో. నేను రాను."

"సేఠ్‌కు ఏం జెప్పమంటవన్నా?"

"గుండయ్యకు కండ్లు కనిపిస్తలేవని జెప్పు."

బాబురావు ఉలిక్కిపడతాడనుకున్నాను. అతను బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. "నాకెర్కనే అన్నా. మదీన కాడ రోడ్డు దాటెతప్పుడు రోజు నా బుజం ఎందుకు వడ్తవో నాకు తెల్వదా? అడిగితే నీకు సిగ్గయితదని ఊకున్న." భుజం మీది తుపాకి సర్దుకుని, "పోయొస్త," అని సందులోకి నడిచాడు.

అతను మలుపు తిరిగాక మామ కమ్మి తెమ్మన్నాడు. వెనక నుంచి దూర్చి, అరచేత్తో గట్టిగా నెట్టాడు. ముందు ఒకటి, తర్వాత ఒకటి, పసుపు పచ్చటి గుడ్డ మూటలు రెండు నేల మీద పడ్డాయి. అత్త పాత చీర అంచు. మూట విప్పితే అక్షింతలు, ఎండిన వేపాకు.

"ఇదేందే?"

"ముడుపు. మాంకాలమ్మకు మొక్కిన." అత్త గొంతు మామూలుగానే ఉంది. "నీ కండ్లకు మనిషేదో డబ్బా ఏదో తెలుస్తలేదాయె. ఆడ ఎవరినన్న కొట్టి జేలుకు వోతవని భయమైంది. మూతి గడితే పేలదనుకున్న. పేలకుంటే బందూక్ ఖరాబైందని ఇంటికి తోలుతరు. నీ కండ్ల సంగతి ఎవరికి తెల్వకుంట పోతది."

"మరి ఎనక మూసినవేంది? నేనే మరిచి మూసిననుకొని ఊకుంటి."

"తెరిచి ఉంటే ఎనకకెల్లి జారిపోతయేమోనని."

"అవ్వా!" ఎల్లేష్ పుల్ల విసిరికొట్టాడు. "పేలకుండ ఆగుతదా? నాలి పగిలి బాపు మొకం మీదికే..."

మామ చెయ్యెత్తాడు. కాని మాట అప్పటికే బయట పడింది. అత్త నేల మీది ఆ రెండు మూటల వైపు చూసింది, తర్వాత మామ మొహం వైపు, మళ్లీ మూటల వైపు. గోడ వెంట జారుతూ కూలబడిపోయింది.

"ఇన్నొద్దులు..." అంది. "గట్లనే తూటలు భర్తీ జేసుకొని దుకాన్ల నిలవడ్డవా?"

"నిలవడ్డ."

ఆ వారంలోనే మామ తుపాకినీ లైసెన్సునూ స్టేషన్‌లో ఒప్పగించి వచ్చాడు. కళ్లకు ఆపరేషన్ అయింది. ఎల్లేష్ జీతం మీద ఇల్లు నడపడం, నేను కుట్టుమిషన్ ముందు కూర్చోవడం, ఇవన్నీ తర్వాతి మాటలు. ఎల్లేష్ నాతో సరిగా మాట్లాడ్డానికి మరో పండగ రావలసి వచ్చింది. ఆ పొద్దున మాత్రం ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మామ కాసేపు కమ్మికి అంటిన పసుపును బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత పక్కన అరుగు మీద చేత్తో తట్టాడు.

"ఇటు రా కాశమ్మా. కూసో."

ఆమె వచ్చి కూర్చుంది. విరిచిన తుపాకిని ఆయన ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె రెండు చేతులూ గాల్లోకి లేచాయి, మెల్లగా దాని మీద ఆనాయి.

"పోరనికి నేర్పిన, కోడలికి నేర్పిన. నీకే నేర్పలే. నువ్వు ముట్టవు గద అనుకున్న. సీసకు బిరడా వెడితే లోపలి నీళ్లు ఆగుతయ్. ఇది గట్ల గాదు. ఇగో, ఈడ నిప్పు పుడ్తది. అది ముంగటికి ఉరకాలె. ముంగట తొవ్వ లేకుంటే పట్టినోని మీదికే మర్రుతది."

అత్త ఆయన చూపించిన చోట వేలు పెట్టి చూసింది. ఇనుము మీద వేలు అట్లాగే ఉంచి, తల వంచుకుని అంది:

"ఒక్కటడుగుత. నిజం జెప్పాలె."

"అడుగు."

"దీనితోని ఎవరినన్న సంపినవా?"

ఎల్లేష్ మొహం కడుక్కుంటున్నవాడు చెంబు దించాడు. అన్ని ప్రశ్నలు వేసే నేను కూడా ఆయన్ని ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"లేదు," అన్నాడు మామ.

"కాలికన్న, చేతికన్న?"

"లేదే. దీన్ని కొన్నకాన్నుంచి ఒక్కపారి గూడ పేల్చలే."

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. ఆ పొర కమ్మిన కళ్లలో ఏం వెతికిందో.

"రోజు నీ అంగీ పిండెతప్పుడు చేతులు, కాలరు అన్ని ఇప్పి జూస్తుంటి," అంది. "నెత్తురు మరకున్నదా అని. ఇది ఇంట్లకొచ్చినకాన్నుంచి."

మామ ఆమె వైపు తిరిగాడు. "గన్నేండ్లు? మరి ఒక్కనాడన్న అడగకపోతివేందే?"

"అడిగితే అవునంటవని," అంది అత్త.